పాముకాటుకు ఎనిమిది నుంచి పది వయల్స్ అని ఎవరు, ఎలా నిర్ణయించారు?

వేదవతి – రాయదుర్గం వైపు

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. వేరుశనగలో కలుపు తీసే రోజులు మొదలుకొని కాయ పీకే రోజుల దాకా మా దగ్గరకు పాముకాటు కేసులు వస్తూనే ఉంటాయి. విషం ఎక్కిన లక్షణాలు కనిపిస్తే మొదటి విడతగా ఎనిమిది నుంచి పది వయల్స్ (చిన్న మందు సీసాలు) యాంటీ స్నేక్ వెనమ్, అంటే పాము విషానికి విరుగుడు మందు, ఎక్కించాలనీ, పిల్లలకైనా పెద్దలకైనా మోతాదు ఒకటేననీ, ముందుగా చర్మం మీద టెస్ట్ డోసు వేయకూడదనీ జాతీయ మార్గదర్శకం చెబుతుంది. మేము దాన్నే పాటిస్తాము. అయితే చిన్నపిల్లకు పెద్దవాళ్ళతో సమానంగా మందు ఎక్కిస్తుంటే తల్లిదండ్రులు భయపడి కారణం అడుగుతారు. పైనుంచి అలా రాసి పంపారని చెప్పి ఊరుకోవడం నాకు తృప్తిగా లేదు. ఆ అంకెను ఎవరు నిర్ణయించారు, దేన్ని చూసి నిర్ణయించారు, అది మారవలసి వస్తే ఎలా మారుతుంది? తెలిసినవారు వివరంగా రాయగలరని కోరుతున్నాను.

కొండారెడ్డి బురుజు – కర్నూలు

అమ్మా వేదవతీ, జనరల్ మెడిసిన్ బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక మీ ప్రశ్నలో మొదటి భాగానికి నేను జవాబు చెబుతాను. ఆ అంకె వెనక ఉన్నది రోగుల మీద పరీక్షించి చూసిన పెద్ద ట్రయల్ కాదు, ప్రయోగశాలలో వేసిన ఒక లెక్క. మన దేశంలో తయారయ్యే విరుగుడు మందు నాలుగు పాములకు కలిపి పనిచేస్తుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, పొలుసులు రాసుకుని బుసబుసమని చప్పుడు చేసే చిన్న పింజర. ఒక మిల్లీలీటరు మందు నాగుపాము విషాన్నీ రక్తపింజర విషాన్నీ 0.6 మిల్లీగ్రాముల చొప్పున, మిగిలిన రెండింటి విషాన్ని 0.45 మిల్లీగ్రాముల చొప్పున నిర్వీర్యం చేయాలి. వయల్ అంటే పది మిల్లీలీటర్లు, అంటే ఒక వయల్ రక్తపింజర విషంలో 6 మిల్లీగ్రాములను అడ్డుకుంటుంది. ఆ పాము ఒక కాటులో సగటున 63 మిల్లీగ్రాముల విషం దింపుతుందని కొలిచారు. 63ను 6తో భాగిస్తే పదికి కాస్త ఎక్కువ వస్తుంది. ఎనిమిది నుంచి పది అనే మాట అక్కడ పుట్టింది.

పిల్లల సంగతి కూడా ఇందులోనే తేలిపోతుంది. సాధారణంగా మందు మోతాదును రోగి బరువును బట్టి వేస్తాము. ఇక్కడ మందు పనిచేయవలసింది విషం మీద. పాము ఎదుట ఉన్నది పిల్లా పెద్దా అని చూసి విషం తగ్గించి దింపదు. పైగా అంతే విషం చిన్న శరీరంలోకి చేరింది కాబట్టి ప్రమాదం ఎక్కువే. తల్లిదండ్రులకు ఈ ఒక్క మాట నిదానంగా చెబితే చాలామంది అర్థం చేసుకుంటారు.

పెన్నా తీరం – కడప

డాక్టర్ గారు చెప్పిన లెక్క సరైనదే. నేను సామాజిక వైద్యశాస్త్రంలో పీజీ చేస్తున్నాను. మార్గదర్శకాల తయారీ నా చదువులో ఒక భాగం కాబట్టి రెండో భాగం గురించి కొంత రాస్తాను.

ఒకప్పుడు అనుభవజ్ఞులైన పెద్దలు కూర్చుని తమ అభిప్రాయం రాస్తే అదే మార్గదర్శకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తన సిఫారసులకు ఎక్కువగా నిపుణుల మాట మీదే ఆధారపడుతోందని, పరిశోధనల క్రమబద్ధ సమీక్షను అరుదుగా వాడుతోందని 2007లో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఆ సంస్థ అదే సంవత్సరం మార్గదర్శకాల సమీక్షా కమిటీని ఏర్పాటు చేసుకుంది. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 1999 నుంచే ఈ పని ఒక క్రమంలో చేస్తోంది. మన కేంద్ర ఆరోగ్యశాఖ ప్రామాణిక చికిత్సా మార్గదర్శకాలు తెస్తుంది. పాముకాటుకు 2009లో జాతీయ ప్రోటోకాల్ వచ్చింది, 2016లో ప్రామాణిక చికిత్సా మార్గదర్శకం వచ్చింది. ఇవి కాక భారత వైద్య పరిశోధన మండలి 2019 నుంచి ఒక్కో జబ్బుకు ఒక్కో పేజీలో చికిత్సా క్రమపటాలు విడుదల చేస్తోంది.

పనిలో అన్నిటికంటే కష్టమైనది ప్రశ్నను కుదురుగా అడగడం. "పాముకాటుకు ఏం చేయాలి" అని అడిగితే ఏ గ్రంథాలయమూ సమాధానం ఇవ్వదు. ఏ రోగికి, ఏ చికిత్స, దేనితో పోల్చి, ఏ ఫలితం కోసం అనే నాలుగూ స్పష్టంగా ఉండాలి. ఉదాహరణకు రక్తం గడ్డకట్టని రక్తపింజర కాటు రోగిలో, మొదటి విడతగా పది వయల్స్‌ను ఐదు వయల్స్‌తో పోలిస్తే, చావులో గానీ కిడ్నీ దెబ్బతినడంలో గానీ తేడా ఉంటుందా? ఇలా అడిగాక సమీక్షకులు దొరికిన పరిశోధనలన్నీ వెతుకుతారు. ఎంపిక ఒకరి ఇష్టానికి వదలకుండా ఇద్దరు విడివిడిగా చూస్తారు. ఆ తరువాత ఆధారాల నమ్మకాన్ని గ్రేడ్ అనే పద్ధతిలో నాలుగు మెట్లలో తూస్తారు: ఎక్కువ, మధ్యస్థం, తక్కువ, అతి తక్కువ. రోగులను చీటీ వేసినట్టు రెండు వర్గాలుగా విడదీసి చేసిన ట్రయల్స్ పైమెట్టు మీద మొదలవుతాయి. చేసిన తీరులో లోపం ఉన్నా, ఫలితాలు ఒకదానికొకటి పొసగకపోయినా, రోగులు మరీ కొద్దిమందైనా, మన రోగికి నేరుగా వర్తించకపోయినా, కొన్ని ఫలితాలు ప్రచురణకు రాలేదన్న అనుమానం ఉన్నా మెట్టు దిగుతాయి.

మోతాదు విషయంలో దక్షిణ భారతంలో తక్కువ, ఎక్కువ మోతాదులను పోల్చిన చిన్న ట్రయల్స్ ఉన్నాయి గానీ, వాటిలో రోగుల సంఖ్య చావుల తేడాను తేల్చడానికి చాలదు. ప్రయోగశాల లెక్కే ముఖ్య ఆధారంగా మిగిలినప్పుడు నమ్మకం కింది మెట్లలోనే ఉంటుంది. ఆ మాట మార్గదర్శకంలో దాచకుండా రాయాలి.

బుడ్డల చేను – ఉరవకొండ

నేను డాక్టరును కాదు, సేద్యం చేసేవాణ్ణి. ఇంటర్‌తో చదువు ఆపినా ఈ చర్చ మొత్తం చదివాను. ఒక సందేహం. ఆధారం బలహీనమని మీరే అంటున్నారు. బలహీనమైన ఆధారంతో "తప్పక ఇవ్వాలి" అని గట్టిగా ఎలా రాస్తారు? ఇదే మాట మా ఊళ్ళో పసరు పోసే మనిషికి తెలిస్తే, "వాళ్ళకే నమ్మకం లేదు, నా దగ్గరకు రండి" అంటాడు.

పెన్నా తీరం – కడప

అన్నా, మీ సందేహం చాలా విలువైనది. ఆధారం మీద నమ్మకం ఒకటి, సిఫారసు బలం వేరొకటి. ప్రాణం పోయే స్థితిలో, మందు మేలు చేస్తుందని చెప్పే ఆధారం తక్కువ నాణ్యతదే అయినా, ఇవ్వకపోతే జరిగే నష్టం కళ్ళ ముందు ఉన్నప్పుడు గట్టి సిఫారసు చేయడాన్ని గ్రేడ్ పద్ధతే అనుమతిస్తుంది. విషం ఎక్కిన మనిషికి మందు ఇచ్చి ఒక వర్గాన్నీ, ఇవ్వకుండా ఇంకో వర్గాన్నీ పోల్చి చూసే ట్రయల్‌ను ఏ నైతిక సంఘమూ ఒప్పుకోదు. మందు అవసరమా కాదా అన్న విషయంలో అనుమానం లేదు. అనుమానం ఉన్నది ఎన్ని వయల్స్ అన్నదాని మీద. ఈ రెండింటినీ ఒకే వాక్యంలో కలిపి రాస్తే మీరు చెప్పిన ప్రమాదం వస్తుంది, కాబట్టి విడదీసి రాయాలి. పసరుకు పరీక్ష లేదు, లెక్కా లేదు. కాటు పడిన చోట కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం మూడూ చేయకూడదని, కాలు చేయి కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి తేవాలని మార్గదర్శకం స్పష్టంగా చెబుతుంది.

నల్లమల నీడ – ఆత్మకూరు

ఇంత శ్రమ ఎందుకు? పాములకు పేరుపొందిన ఆస్ట్రేలియా వంటి దేశాలు ఎంతో ఖర్చు పెట్టి చేసిన మార్గదర్శకాలు ఉన్నాయి కదా, వాటిని తెలుగులోకి, హిందీలోకి తెచ్చుకుంటే సరిపోదా అని నాకు అనిపిస్తోంది. పాఠశాల ఉపాధ్యాయుడిగా అడుగుతున్నాను, తప్పయితే చెప్పండి.

కొండారెడ్డి బురుజు – కర్నూలు

మాస్టారూ, ఇది అడగవలసిన ప్రశ్నే. మీరు చెప్పిన ఆస్ట్రేలియానే తీసుకుందాం. అక్కడ కాటు పడిన కాలికి మొదటి నుంచి చివర దాకా గట్టిగా బ్యాండేజి చుట్టి కదలకుండా ఉంచడం ప్రథమ చికిత్స. అక్కడి పాముల విషం ముఖ్యంగా నరాల మీద, రక్తం మీద పనిచేస్తుంది, కాటు చోట కండ పెద్దగా కుళ్ళదు. మన పింజర కాటుకు కాలు వాచి, చర్మం నల్లబడి, కండ చచ్చిపోతుంది. విషాన్ని అక్కడే బిగించి పట్టి ఉంచితే ఆ చోటు ఇంకా పాడవుతుందన్న భయంతో మన మార్గదర్శకం ఆ బ్యాండేజిని సిఫారసు చేయలేదు. అదే పద్ధతిని కళ్ళకద్దుకుని తెచ్చుకుని ఉంటే రాయలసీమలో ఎందరి కాళ్ళు పోయేవో.

అలాగని పొరుగువాళ్ళ పని పనికిరాదనీ కాదు. విరుగుడు మందుకు ఒళ్ళంతా దద్దుర్లు లేచి, బీపీ పడిపోయే రియాక్షన్ గురించి శ్రీలంకలో 1,007 మంది రోగులతో చేసిన ట్రయల్ 2011లో వచ్చింది. మందు ఎక్కించే ముందు తక్కువ మోతాదు అడ్రినలిన్ చర్మం కింద ఇస్తే తొలి గంటలో తీవ్రమైన రియాక్షన్లు 43 శాతం తగ్గాయి. రియాక్షన్ రాకుండా మనం అలవాటుగా ఇచ్చే హైడ్రోకార్టిజోన్, ప్రోమెథజైన్ మందుల వల్ల ఆ మేలు కనబడలేదు. శ్రీలంక వాడేది భారతదేశంలో తయారైన మందే. కాబట్టి ఆ ఫలితం మన రోగికి దాదాపు నేరుగా వర్తిస్తుంది. పరాయి మార్గదర్శకంలో ఒక్కొక్క సిఫారసును విడిగా తీసి, ఇది మనకు పొసగుతుందా అని చూసి, పొసగితే ఉంచుకోవాలి, కొంత మార్చవలసినది మార్చుకోవాలి, లేనిది కొత్తగా రాసుకోవాలి. ఈ పద్ధతే ఇప్పుడు అన్ని దేశాల్లోనూ సాగుతోంది.

వేదవతి – రాయదుర్గం వైపు

సార్, మేడమ్, మీ ఇద్దరికీ ధన్యవాదాలు. పిల్లల మోతాదు గురించి ఇక నిశ్చింతగా చెప్పగలను. నేను ఇంకొక మాట అడగాలి. రక్తం గడ్డకడుతుందా లేదా అని చూసే ఇరవై నిమిషాల పరీక్ష మార్గదర్శకానికి ఆయువుపట్టు. రెండు మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూడాలి. ప్లాస్టిక్ గొట్టంలో చేస్తే లెక్క తప్పుతుంది. ఇప్పుడు మాకు వచ్చే సరుకులో ప్లాస్టిక్ గొట్టాలే ఎక్కువ. గాజు గొట్టం అడిగి తెచ్చుకోవాలి, దాన్ని సబ్బు అంటకుండా భద్రపరచుకోవాలి. రాత్రిపూట ల్యాబ్ టెక్నీషియన్ ఉండరు. ఇది రాసినవారికి ఈ సంగతి తెలుసా?

పెన్నా తీరం – కడప

తెలియాలి, తెలుసుకోవడానికి ఒక మెట్టు కూడా ఉంది. ఆధారాలు తూచిన తరువాత కమిటీ నేరుగా సిఫారసు రాయదు. మేలు, కీడు ఎంతెంత, రోగులు దేనికి విలువ ఇస్తారు, ఖర్చు ఎంత, పేదవారికీ దూరపు ఊళ్ళవారికీ అందుతుందా, చేసేవాళ్ళు ఒప్పుకుంటారా, చేయడం సాధ్యమా అని ఒక్కొక్కటీ చర్చించి రాతపూర్వకంగా పెట్టాలి. మీ గాజు గొట్టం సరిగ్గా ఈ సాధ్యాసాధ్యాల చర్చలో రావలసిన విషయం. కమిటీలో పెద్దాసుపత్రుల ప్రొఫెసర్లే ఉంటే అది తట్టదు, ఎందుకంటే వారి ఆసుపత్రిలో ఇరవై నాలుగు గంటలూ ల్యాబ్ నడుస్తుంది. నర్సును, పీహెచ్‌సీ వైద్యాధికారిని, పద్ధతి తెలిసిన గణాంక నిపుణుణ్ణి, రోగుల తరఫు మనిషిని కూర్చోబెట్టాలని మార్గదర్శకాల నాణ్యతను కొలిచే అగ్రీ అనే ప్రశ్నల పట్టిక అడుగుతుంది. అందులోని 23 అంశాల్లో కమిటీ కూర్పు ఒకటి, రోగుల అభిప్రాయం తీసుకోవడం ఒకటి.

మందుల చిట్టా – నంద్యాల

ఫార్మసిస్టుగా ఒకటి చేర్చాలి. మార్గదర్శకం రాసినంత మాత్రాన వయల్ బీరువాలోకి నడిచి రాదు. పాము విషం విరుగుడు జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది. ఆ జాబితా 1996లో మొదలై 2022 దాకా పలుమార్లు సవరణ పొందింది. అయితే ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం రాష్ట్రాల పరిధిలోనివి. కేంద్రం సిఫారసు చేస్తుంది, రాష్ట్రం కొని సరఫరా చేస్తుంది. ఒక్క రోగికి మొదటి విడతే పది వయల్స్ అయితే ఒక ఆరోగ్య కేంద్రంలో కనీసం ఎంత నిల్వ ఉండాలో మార్గదర్శకమే రాస్తే ఇండెంట్ (మందుల కోసం కోరిక పత్రం) పెట్టే మాకు చేతిలో ఒక కాగితం ఉంటుంది. పొడి రూపంలోని మందు ఫ్రిజ్ లేకుండా నిలుస్తుంది, ద్రవ రూపానికి 2 నుంచి 8 డిగ్రీలు కావాలి. కరెంటు పోయే చోట ఏది కొనాలో ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

కొండారెడ్డి బురుజు – కర్నూలు

కమిటీ కూర్పు గురించి పెన్నా తీరం గారితో నాకు ఒక చోట అభిప్రాయభేదం ఉంది. మందుల కంపెనీతో ఏ సంబంధం ఉన్నవారినైనా బయట ఉంచాలని ఇప్పటి పద్ధతి నొక్కి చెబుతోంది. షుగరు, బీపీ మందుల విషయంలో నేనూ ఒప్పుకుంటాను; అక్కడ నిపుణులు వేలల్లో ఉంటారు. పాముకాటులో లోతుగా పనిచేసినవాళ్ళు దేశంలో కొద్దిమంది. విరుగుడు తయారుచేసే సంస్థలు కూడా వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. ఏదో ఒక రోజు ఆ సంస్థలకు సలహా ఇచ్చినవారిని తీసేస్తే, విషం గురించి ఎరిగినవారు ఆ గదిలో మిగలరు.

పెన్నా తీరం – కడప

డాక్టర్ గారూ, వారిని పిలవవద్దని నేను అనను. వారు వచ్చి తమకు తెలిసినది చెప్పాలి, కమిటీ ప్రశ్నలకు జవాబివ్వాలి. ఓటు వేసే సమయానికి బయటకు వెళ్ళాలి. ఎవరికి ఏ సంస్థతో ఏ సంబంధం ఉందో మార్గదర్శకంతో పాటు అచ్చువేయాలి. చదివేవారికి అది తెలిస్తేనే నమ్మకం నిలుస్తుంది. కొద్దిమందే ఉన్న రంగంలో ఈ నియమం ఇంకా అవసరమని నా అభిప్రాయం, ఎందుకంటే అక్కడ ఒకే వ్యక్తి పరిశోధన చేస్తారు, ఆ పరిశోధనను తూస్తారు, సిఫారసూ రాస్తారు.

కొండారెడ్డి బురుజు – కర్నూలు

ఓటు దగ్గర బయటకు వెళ్ళాలన్న మాటకు ఒప్పుకుంటున్నాను. కానీ తుది ముసాయిదాలో విషశాస్త్రం తప్పుపోకుండా వారికి ఒకసారి చూపించి తీరాలి. దాన్ని వదలను.

బుడ్డల చేను – ఉరవకొండ

నాకు ఇందులో ఓటు కంటే ముందుది ఒకటి కనిపిస్తోంది. ఏ ఫలితం ముఖ్యమో ఎవరు తేలుస్తారు? డాక్టర్లు చావును లెక్కిస్తారు, రక్తం గడ్డకట్టిన గంటను లెక్కిస్తారు. మా వైపు పింజర కాటుకు బతికి బయటపడినవాళ్ళున్నారు. పాదంలో సగం పోయి, మడక వెనక నడవలేక, బెంగళూరులో వాచ్‌మన్ పనికి పోయినవాడు ఉన్నాడు. కిడ్నీ చెడి డయాలిసిస్ కోసం వారం వారం అనంతపురానికి తిరిగి, ఉన్న చేను అమ్ముకున్న ఇల్లు ఉంది. కాగితం మీద వీళ్ళంతా బతికినవాళ్ళ లెక్కలోనే ఉంటారు. కమిటీలో కూర్చున్న ఎవరైనా వీళ్ళను అడిగారా?

పెన్నా తీరం – కడప

అన్నా, మీరు రాసినది పద్ధతి ప్రకారం కూడా మొదట్లోనే జరగవలసిన పని. ఆధారాలు వెతకకముందే కమిటీ ఒక్కో ఫలితానికి ఒకటి నుంచి తొమ్మిది దాకా మార్కులు వేయాలి. ఏడు, ఎనిమిది, తొమ్మిది వచ్చినవి అత్యంత కీలకం. సిఫారసు వాటి మీదే నిలబడాలి. రక్తం ఎప్పుడు గడ్డకట్టిందన్నది కొలవడానికి సులువైన ఫలితం కాబట్టి చాలా పరిశోధనలు దాన్నే కొలుస్తాయి. రోగి కోరుకునేది తన కాలు, తన కిడ్నీ, తన సేద్యం. ఆ మార్కులు వేసే రోజున కాటు తిని బతికిన రైతు కూర్చుని, పాదం పోవడానికి తొమ్మిది వేస్తే, పాదం గురించి ఒక్క మంచి పరిశోధన కూడా లేదన్న ఖాళీ బయటపడుతుంది. ఆ ఖాళీని మార్గదర్శకంలో రాస్తే తరువాతి పరిశోధనకు డబ్బు అడగడానికి ఆధారం దొరుకుతుంది.

నల్లమల నీడ – ఆత్మకూరు

నా అభిప్రాయం మార్చుకున్నాను, మన మార్గదర్శకం మనమే చేసుకోవాలి. మన పాములు కూడా ఊరికో తీరుగా ఉంటాయంటారు, అది నిజమేనా?

కొండారెడ్డి బురుజు – కర్నూలు

నిజమే. ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుందని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు చూపించారు. విరుగుడు తయారీకి కావలసిన విషం చాలావరకు తమిళనాడులోని ఇరుళ గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తుంది. ఆ విషంతో తయారైన మందు అనంతపురం ఎర్రనేలల్లోని పింజర మీద ఎంత పనిచేస్తుందన్నది ఇక్కడి రోగులను గమనించే తెలుసుకోవాలి. ఎనిమిది నుంచి పది అన్న అంకె మారవలసి వస్తే మారేది ఈ దారినే.

మందుల చిట్టా – నంద్యాల

గమనించాలంటే కేసు షీటు పూర్తిగా రాయాలి. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటు చావులు 12 లక్షలనీ, ఏడాదికి సగటున 58,000 అనీ 2020లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. అందులో సగం జూన్, సెప్టెంబరు మధ్యవే, ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. ఇది ఇంటింటికీ వెళ్ళి చావుకు కారణం అడిగి వేసిన అంచనా. ఆసుపత్రి రికార్డుల్లో ఇందులో చాలా భాగం కనబడదు. కేంద్రం 2024 మార్చిలో పాముకాటు నివారణకు జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసి, 2030 నాటికి చావులు సగానికి తగ్గాలని లక్ష్యం పెట్టింది. అదే ఏడాది నవంబరులో ప్రతి పాముకాటునూ తప్పనిసరిగా నమోదు చేసేలా చూడాలని రాష్ట్రాలను కోరింది.

వేదవతి – రాయదుర్గం వైపు

అయితే మా రిజిస్టరులో ఏమేమి రాస్తే మార్గదర్శకం సవరించేవారికి పనికొస్తుందో చెప్పండి మేడమ్. ఇప్పుడు మేము పేరు, ఊరు, ఇచ్చిన వయల్స్, పంపిన ఆసుపత్రి రాస్తున్నాము.

పెన్నా తీరం – కడప

కాటు పడిన గంట, మీ దగ్గరకు చేరిన గంట, మొదటి వయల్ మొదలైన గంట. మధ్యలో పసరు దగ్గరకు వెళ్ళారా లేదా, తప్పు పట్టకుండా అడిగి రాయండి. గడ్డకట్టే పరీక్ష గాజు గొట్టంలోనే చేశారా, ఆరు గంటల తరువాత మళ్ళీ చేస్తే ఏమైంది, రియాక్షన్ వచ్చిందా. అన్నిటికంటే ముఖ్యం, పంపేసిన రోగి మూడు నెలల తరువాత ఎలా ఉన్నాడన్నది. ఆశా కార్యకర్త ఫోనులో కనుక్కుని ఒక వాక్యం రాసినా చాలు, ఉరవకొండ అన్న అడిగిన పాదం, కిడ్నీ లెక్కలోకి వస్తాయి.

బుడ్డల చేను – ఉరవకొండ

ముసాయిదా మీద జనం అభిప్రాయం చెప్పవచ్చు అంటారు కదా, అది ఏ భాషలో ఉంటుంది?

పెన్నా తీరం – కడప

ఇంగ్లీషులోనే ఉంటుంది అన్నా. ఇకపై పాముకాటు మీద ఏ ముసాయిదా బయటకు వచ్చినా దాని సారాంశం తెలుగులో రాసి ఇక్కడ పెడతాను. డాక్టర్ గారు ఒకసారి సరిచూస్తారని ఆశిస్తున్నాను.

కొండారెడ్డి బురుజు – కర్నూలు

తప్పకుండా చూస్తాను. విషం గురించిన భాగం నాకు ముందుగా పంపండి.

బుడ్డల చేను – ఉరవకొండ

అది వచ్చిన రోజు మా రైతు సేవా కేంద్రంలో చదివి వినిపించి, కాటు తిని బతికినవాళ్ళు చెప్పినది చెప్పినట్టు రాసి పంపుతాను. దాన్ని ఇంగ్లీషులోకి మార్చే పని మాస్టారు తీసుకోవాలి.

నల్లమల నీడ – ఆత్మకూరు

తీసుకుంటాను అన్నా. వారి మాట ఒక్కటి కూడా తగ్గించకుండా రాస్తాను.